ర్యాంకర్ల ఫొటోల పక్కన ఒక వెల్డర్‌కీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే చదువులు, ఉద్యోగాల పేజీ నేను వదలకుండా చదువుతాను. నాకు అరవై ఒక్కేళ్లు. కొత్తగా ఉద్యోగం వెతుక్కునే పని లేదు. మా మల్కాపురం వీధిలో పిల్లలు దేని వెంట పడుతున్నారో తెలుసుకుందామని చదువుతాను. ఆ పేజీలో ఎక్కువగా ర్యాంకర్ల ఇంటర్వ్యూలే ఉంటాయి. లక్ష్యం పెద్దది పెట్టుకోండి, కష్టపడండి అంటారు. మంచి మాటే. కానీ రేపు పొద్దున్నే లేచి మొదట ఏం చెయ్యాలి, ఎవరి పక్కన కూర్చుని నేర్చుకోవాలి అన్నది అందులో దొరకదు. ఈ ఉత్తరం దాని గురించే.

మొన్న మా పక్కింటి కుర్రాడు ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. ఐటీఐ ఫిట్టర్ పాసయి ఏడాదైంది. అందులో వరసగా పద్నాలుగు లక్ష్యాలు రాసుకున్నాడు. సొంత కంపెనీ, బీచ్ రోడ్డులో ఫ్లాట్, ఇంగ్లీషు గడగడా మాట్లాడటం, ఇలాగ. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు మావయ్యా, ఒకటే టెన్షన్" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. "ఇందులో ఏ ఒక్కటైనా చేసి చూపించినవాళ్లు నీకు తెలిసినవాళ్లు ఉన్నారా బాబూ? వెళ్లి పక్కన నిలబడగలిగేంత తెలిసినవాళ్లు?" వాడు నోట్‌బుక్ మూసేశాడు. వాడిని బాధపెట్టానేమోనని ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

నేను 1985లో చోడవరం దగ్గర పల్లె నుంచి విశాఖ వచ్చాను. పదో తరగతి తప్పాను. అప్పుడు స్టీల్‌ప్లాంటు కడుతున్నారు. ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ హెల్పర్‌గా చేరాను. కేబుళ్లు లాగడం, వెల్డు మీద చిట్టెం కొట్టడం, ఓవెన్‌లోంచి వేడి వెల్డింగ్ రాడ్లు మోసుకురావడం నా పని. సముద్రపు గాలికి ఆ రాడ్లు ఇట్టే చెమ్మ పీల్చేస్తాయి. చెమ్మ రాడ్డుతో వెల్డు చేస్తే లోపల గాలిబుడగలు పడతాయి, పగుళ్లూ వస్తాయి. అందుకే వాటిని వేడి మీద ఉంచి, కావలసినన్నే బయటకు తీసేవాళ్లం. వెల్డు చేసేటప్పుడు రాడ్డు బిగించి పట్టుకునే హోల్డర్ మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

నా లక్ష్యం అప్పుడు పైపు వెల్డర్లకు పెట్టే సిక్స్ జీ టెస్టు. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పడానికి లేదు. మనమే చుట్టూ తిరిగి, కింద, పక్కన, పైన అన్నిచోట్లా వెల్డు చెయ్యాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏదీ దాగదు. హెల్పర్‌గా మూడేళ్లు చేశాక నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండోసారి ఎక్స్‌రే ఖర్చు నా కూలిలోంచి కోసుకున్నారు. ఇంటికి వెళ్లిపోదామని సంచి సర్దుకున్నాను.

మా మేస్త్రి ఆ సాయంత్రం నన్ను పైపు ముందు కూర్చోబెట్టాడు. సుద్దముక్కతో పైపు మీద గడియారం గీశాడు. పైన పన్నెండు, కింద ఆరు. "ఒరే గుంటడా, పాసవ్వాలి పాసవ్వాలి అని కూర్చున్నావు. అది నీ చేతిలో లేదు. ఆరు నుంచి ఏడున్నర దాకా ఉన్న ముక్క నీ చేతిలో ఉంది. ఈ వారం అదొక్కటే చెయ్యి" అన్నాడు. ఆ వారం నిజంగా అదే చేశాను. పనయ్యాక తుక్కు పైపుల మీద, అడుగున పడుకుని, ఆ నాలుగు అంగుళాలే. పై వారం ఏడున్నర నుంచి తొమ్మిది. మధ్యమధ్యలో తను హోల్డర్ పట్టుకుని నన్ను నల్ల అద్దం పెట్టుకుని చూడమనేవాడు. "మంటను చూడకు, కరుగుతున్న అంచును చూడు. చెవి కూడా పెట్టు" అనేవాడు. చెయ్యి కుదిరినప్పుడు వెల్డు మూకుడులో వడియాలు వేగినట్టు ఒకే ధాటిగా మోగుతుంది. చెయ్యి తడబడితే చిటపటలాడుతుంది.

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. బెల్లం వండే రోజుల్లో పెనం పక్కన నిలబడి, బుడగలు చూసి పాకం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేసేవాడు. చిటికెడు పాకం నీళ్లలో వేసి ఉండ కట్టిందా లేదా అని ఒక్కసారి చూసేవాడు, అంతే. ఆ చూపు నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, కానీ నేర్చుకోవడం అంటే అదేనని మేస్త్రి చెప్పేదాకా తెలియలేదు. మూడోసారి ఎక్స్‌రేలో నా పైపు పాసైంది. 1990లో స్టీల్‌ప్లాంటులో ఇనుము కరిగించే పెద్ద కొలిమి, గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్, వెలిగినప్పుడు అక్కడి నీళ్ల పైపుల్లో కొన్ని జాయింట్లు నావి.

నేర్చుకోవడానికి పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లాలని లేదు. నలభై ఏడేళ్లప్పుడు నేను ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగ్ ఒక ఇరవై మూడేళ్ల కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను. మొదటి రోజు సిగ్గేసింది, దాచుకోవడం దేనికి. "మేస్త్రీ, మీ ఎడమ చెయ్యి నిద్రపోతోంది" అన్నాడు. నిజమే. రాడ్డు వెల్డింగులో ఒక్క చెయ్యే పని చేస్తుంది. ఈ ఆర్గాన్ వెల్డింగులో కుడి చెయ్యి వెల్డింగ్ టార్చి పడితే, ఎడమ చేతి వేళ్లు తీగను కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ ఉండాలి. ఒక తీగ ముక్క జేబులో పెట్టుకుని నెలరోజులు బస్సులో దాన్ని వేళ్ల మధ్య జరుపుతూ కూర్చున్నాను. కండక్టరు వింతగా చూసేవాడు.

మా ఆవిడ సింహాచలం గిరి ప్రదక్షిణ చేసిందీ ఇలాగే. ముప్పై రెండు కిలోమీటర్లు. ఏటా వెళ్లే ఎదురింటి ఆమెతో మూడు నెలలు ముందు నుంచే చెప్పుల్లేకుండా తెల్లవారుజామున నడిచింది. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ కూర్చుంటే ఇంక లేవలేమో అన్నీ ఆమె దగ్గరే తెలుసుకుంది. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరింది, మర్నాడు తెల్లారేసరికి తిరిగి అక్కడికే వచ్చింది.

ఆ కుర్రాడి సంగతికొస్తాను. వాడిని ఆటోనగర్‌లో నాకు తెలిసినవాళ్ల షెడ్డుకు తీసుకెళ్లాను. పద్నాలుగు లక్ష్యాలూ నోట్‌బుక్‌లోనే ఉండనియ్యి, ఈ నెలకి ఒక్కటే అన్నాను. రెండు పైపు ముక్కల అంచుల్ని గ్రైండర్‌తో ఒకే వాలు వచ్చేలా చెక్కి, మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు చుట్టూ ఒకేలా వచ్చేట్టు నిలబెట్టడం. వెల్డింగు కూడా కాదు, దానికి ముందు పని. వాడికి పదిహేను రోజులు పట్టింది. ఇప్పుడు ఆరు నుంచి ఏడున్నర దగ్గర ఉన్నాడు. నిద్ర పడుతోందని వాళ్లమ్మ చెప్పింది.

నా మనవి ఇది. ర్యాంకర్ల ఇంటర్వ్యూలు వెయ్యండి, వాళ్ల కష్టం తక్కువది కాదు. ఆ పేజీలోనే వారానికొకసారి మన ఊళ్లో పని చేసే ఒక మనిషి గురించి అరకాలమ్ ఇవ్వండి. ఫిషింగ్ హార్బర్‌లో వల అల్లే ఆమె కావచ్చు, కేజీహెచ్‌లో నర్సు కావచ్చు, షిప్‌యార్డు ఫిట్టర్ కావచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నాళ్లు పట్టింది, ఎన్నిసార్లు తప్పారు, మొదటి వారం ఏం చేశారు అని అడగండి. విజయం గురించి అడక్కపోయినా ఫర్వాలేదు. మొదటి వారానికి మనిషి కావాలంటే ఆటోనగర్ షెడ్డుకు మీ విలేకరిని పంపండి. సాయంత్రం ఐదు దాటాక నేనూ ఆ కుర్రాడూ అక్కడే ఉంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వెల్డర్,
మల్కాపురం, విశాఖపట్నం