టన్నుల లెక్కకు ముందు శాంపిళ్ల లెక్క చెప్పండి

సంపాదకుల వారికి,

గత వారం జిల్లా పేజీలో కుప్పం వైపు బంగారు నిక్షేపాల వార్త వేశారు. ఇన్ని టన్నుల ఖనిజం, టన్నుకు ఇన్ని గ్రాములు అని అధికారులు చెప్పింది చెప్పినట్టు అచ్చయింది. ఆ అంకె ఎన్ని డ్రిల్లింగ్ బోర్ల నుంచి వచ్చింది, ఆ డేటాను ఎవరు సరిచూశారు అన్న ముక్క ఎక్కడా లేదు.

కుప్పం వైపున్న చిగురుగుంట, బిసానత్తం ఉన్నది కోలార్ షిస్ట్ పట్టీ (బంగారం దొరికే పాత పొరల రాళ్ల వరస) దక్షిణ కొసన. ఇక్కడ బంగారం సన్నటి క్వార్ట్జ్ సిరల్లో (రాతి మధ్య తెల్లరాయి చారల్లో), ఒకచోట దట్టంగా పక్కనే పలచగా ఉంటుంది. ఇలాంటిచోట డేటాను ముందు శుభ్రం చేయకుండా లెక్క కడితే ఫలితం ఎటైనా పోతుంది. బోరులోంచి తీసిన అర మీటరు రాతి ముక్కలో టన్నుకు 20 గ్రాములు, మూడు మీటర్ల ముక్కలో 2 గ్రాములు వచ్చాయనుకుందాం. రెండూ కూడి సగం చేస్తే 11. పొడవును బట్టి కడితే నాలుగున్నర. అందుకే శాంపిళ్లన్నిటినీ ముందు ఒకే పొడవుకు తెచ్చుకోవాలి. 39 శాంపిళ్లు 2 గ్రాములే చూపి, ఒక్కటి 80 చూపితే సగటు దాదాపు 4 అవుతుంది. అలాంటి అతి పెద్ద అంకెను ఏ పైహద్దుకు తగ్గించి లెక్కలోకి తీసుకున్నారో చెప్పకుండా సగటు ప్రకటించడం తప్పు.

బోరు వంకర సంగతి ఇంకా ముఖ్యం. పైనుంచే మూడు డిగ్రీల తేడా ఉంటే 300 మీటర్ల లోతుకు దాదాపు 16 మీటర్లు పక్కకు పోతుంది. మీటరో రెండు మీటర్లో మందం ఉన్న సిర మ్యాపులో ఇంకెక్కడో పడుతుంది. బోరు సిరను 45 డిగ్రీల్లో కోస్తే మీటరు మందం 1.4 మీటర్లుగా కనిపిస్తుంది, దాన్ని సరిచేయకపోతే టన్నులు ఊరికే పెరుగుతాయి. మీటరు డ్రిల్ చేస్తే 60 సెంటీమీటర్ల కోర్ (బోరులోంచి తీసే రాతి కడ్డీ) మాత్రమే చేతికొచ్చినచోట, పోయిన 40లో ఏముందో ఎవరు చెప్పగలరు? పాత గనుల మ్యాపుల్లో సొంత గ్రిడ్ (ఆ గనికే గీసుకున్న కొలతల గళ్లు) ఉండటం మామూలే; దాన్ని ఇప్పటి జీపీఎస్ కొలతలకు మార్చేటప్పుడు తేడా వస్తే బోర్లన్నీ కలిసి జరిగిపోతాయి.

ల్యాబ్‌కు ప్రతి 20 శాంపిళ్లకు ఒకటైనా ఖాళీ రాయి (బంగారం లేనిది), ఒక ప్రామాణిక శాంపిల్ (బంగారం ఎంతో ముందే తెలిసినది), ఒక డూప్లికేట్ కలిపి పంపాలి. ఖాళీ రాయిలో బంగారం కనబడితే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చేయించాలి. కోర్‌ను నిలువునా కోసి, మళ్లీ సరిచూసుకోవడానికి సగం దాచిపెట్టాలి. ఇండోనేసియాలోని బుసాంగ్ బంగారు అన్వేషణలో అలా దాచకుండా కోర్‌ను దాదాపు మొత్తం పొడి చేశారు, శాంపిళ్లలో బంగారం కలిపారు. 1997లో ఆ మోసం బయటపడేసరికి మదుపరులు నిండా మునిగారు.

మన దగ్గర కోర్ పెట్టెలకు రేకుల షెడ్డు వేయడం కూడా దండగ ఖర్చనుకుంటారు. వానకు నంబర్లు చెరిగిపోతే ఏ ముక్క ఏ లోతుదో ఎవరికీ తెలియదు. అధికారి బదిలీ అయితే ఫైలుతోపాటు జ్ఞాపకమూ పోతుంది. గ్రానైట్ క్వారీల కొలతల్లోనూ ఇదే నిర్లక్ష్యం. ఈలోగా పేపరులో టన్నులు చూసి చుట్టుపక్కల రైతు భూమి అమ్మాలో ఆపాలో తేల్చుకోలేక నలిగిపోతాడు.

అన్వేషణకు జీ4 (తొలి పరిశీలన) నుంచి జీ1 (పూర్తి వివరాల అన్వేషణ) దాకా దశలున్నాయి. 2015 నాటి ఖనిజ ఆధారాల నిబంధనలూ ఉన్నాయి. ప్రకటించిన అంకె ఏ దశదో, బోర్ల మధ్య దూరమెంతో, కోర్ ఎంత శాతం దక్కిందో, పైహద్దు ఎంత పెట్టారో అధికారులు బయటపెట్టాలి. మీ విలేకరి ఈ నాలుగూ అడిగి, వచ్చిన జవాబు అదే పేజీలో వేయండి.

– ఒక భూగర్భ శాస్త్ర పట్టభద్రుడు, చిత్తూరు