చక్రాలున్నంత మాత్రాన ఇంటికి అనుమతి అక్కర్లేదా?

సంపాదకులకు,

చిన్న ఇళ్ల మీద మోజు పెరుగుతోంది. పడుకోవడానికి అటక, మడిచి పెట్టే మెట్లు, గోడలోకి దాగిపోయే బల్ల... ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. ప్లాన్లు గీయడంలోనే ఉద్యోగమంతా గడిచిన వాడిని కాబట్టి నా చూపు ముందు కొలతల మీదికి పోతుంది.

‘చక్రాలుంటే అది వాహనమే, ప్లాను అక్కర్లేదు’ అని చాలామంది నమ్ముతున్నారు. రోడ్డు మీద ఉన్నంతసేపు ఆ మాట నిజమే. ఒకచోట నిలిపి, నీళ్లూ కరెంటూ కలిపి, కాపురం పెట్టాక స్థానిక అధికారి దాన్ని కట్టడం కింద లెక్కగడితే ఏం చేస్తారు? మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. జాతీయ భవన నియమావళేమో ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది వెడల్పు కనీసం 2.4 మీటర్లు ఉండాలంటుంది. ఇక రెండు గోడలకూ కలిపి మిగిలేది 20 సెంటీమీటర్లు! చట్రం, లోపలి పలక, బయటి రేకు, వేడిని ఆపే పొర అన్నీ అందులోనే ఇమడాలి. గది ఎత్తు 2.75 మీటర్లు ఉండాలని కూడా అదే నియమావళి చెబుతుంది. మధ్యలో అటక వేస్తే అంత ఎత్తు ఎక్కడి నుంచి తెస్తాం?

పునాది మీద కట్టుకునేవారికి ఈ తంటా లేదు. గది 9.5, వంటగది 5, స్నానాల గదీ మరుగుదొడ్డీ కలిపి 2.8. గోడలు కాక మొత్తం 17.3 చదరపు మీటర్లతో నియమావళి సరిపెట్టుకుంటుంది. వారికి అడ్డుపడేవి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం, ముందున్న రోడ్డు వెడల్పు, లేఅవుటుకు అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్న. సెప్టిక్ ట్యాంకు సంగతి చాలామందికి ఆఖర్న గుర్తొస్తుంది. మురుగు పోయే దారి లేనిదాన్ని, ఎంత ముద్దుగా ఉన్నా, నేను ఇల్లు అనను.

అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి రాసుకున్న నమూనా నియమావళికి 2018 కూర్పులో చిన్న ఇళ్ల కోసం ఒక అనుబంధం చేర్చారు. అటకను మినహాయించి 400 చదరపు అడుగులు, అంతకన్నా చిన్న ఇళ్లకు అది వర్తిస్తుంది. గది ఎత్తును 6 అడుగుల 8 అంగుళాల దాకా తగ్గించుకోనిచ్చారు. మంటలు లేస్తే బయటపడే మార్గం విషయంలో మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. అటక మీద నిద్రపోయేవారు పైకప్పు కిటికీలోంచైనా బయటికి రాగలగాలి. ఎక్కడ పట్టు సడలించాలో, ఎక్కడ బిగించాలో తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది. అయినా స్థానిక ప్రభుత్వం స్వీకరిస్తేనే దానికి విలువ. మన జాతీయ నియమావళిదీ అదే పరిస్థితి.

అందుకే నా విన్నపం పురపాలక, పంచాయతీ అధికారులకే. చక్రాల ఇంటిని ఏ లెక్కన చూస్తారు, ఉన్న ఇంటి పెరట్లో రెండోది కట్టుకోనిస్తారా, అటకకు ఎంత ఎత్తు చాలు? ఈ మూడింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి కార్యాలయం గోడకు అంటించండి. కొనేవారు కూడా బయానా ఇచ్చే ముందే ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి. ‘ఫరవాలేదు, కట్టుకోండి’ అని నోటిమాటగా చెప్పిన అధికారి రేపు బదిలీ అయిపోవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్