కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం. బోరు మోటారు మరమ్మతు, బోనాల ఏర్పాట్లు, వీధి దీపాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసిన పని ఒకటుంది: మన హాలు డాబాకూ, వెనక గల్లీలోని పదకొండు రేకుల ఇళ్లకూ ఎండను వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచే తెల్ల పూత వేయించాం.

హైదరాబాద్‌లో పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేస్తే వడగాలే. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానంలో ఇళ్ల విషయానికొస్తే 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే చల్లని పైకప్పు తప్పనిసరి. మన గల్లీలోవి అరవై గజాల ఇళ్లు. అందుకే మనమే పూనుకున్నాం.

మార్చి రెండో ఆదివారం పొద్దు పొడవకముందే పని మొదలైంది. ముందురోజే నాచు గీకి కడిగాం. దుమ్ము మీద వేస్తే పూత పొరలుగా లేస్తుందని మేస్త్రీ గట్టిగా చెప్పారు. పగుళ్లు పూడ్చాక రెండుసార్లు పూత వేశాం. వాటర్ ట్యాంకు దగ్గర రంగు చాలక ఒక మూల మిగిలిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం చెప్పులు విప్పి చూశాం: తెల్లటి చోట నిలబడగలిగాం, ఆ మూలన కాలు పెట్టలేకపోయాం. గల్లీలో బట్టలు కుట్టే అక్క ఏటా ఎండాకాలం మిషన్‌ను వేపచెట్టు కిందికి లాక్కునేది. ఈసారి ఇంట్లోనే కుట్టింది.

కొందరు రేకుల కింద థర్మాకోల్ వేయమంటున్నారు. వేడి ఆపుతుంది, నిజమే. కానీ నిప్పంటుకుంటే ప్రమాదం. పొయ్యి ఉన్న గదిలో మాత్రం వద్దని నా మనవి.

పేర్లిచ్చినవారు ఇరవై ఏడుగురు, బ్రష్ పట్టినవారు తొమ్మిది మంది. ఈ మాట రాయడానికి బాధగానే ఉంది. బడిలోని రేకుల గదుల కోసం అధికారులకు మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. ఒక్కరూ వచ్చి చూడలేదు. ఆ పిల్లలు ఈ వేసవి కూడా ఆ రేకుల కిందే పరీక్షలు రాశారు.

సగం కూలికే పనిచేసిన మేస్త్రీ గారికి, నిచ్చెనలిచ్చిన హార్డ్‌వేర్ షాపు వారికి, తెల్లారేసరికి ఉప్మా, టీ పంపిన అక్కచెల్లెళ్లకు, ఆ తొమ్మిది మందికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఖర్చు చందాల్లోనే సరిపోయింది. కోశాధికారి గారి లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి, ఆమోదించగలరు.

దుమ్ము పేరుకుంటే పూత సరిగా పనిచేయదు కాబట్టి ఫిబ్రవరిలో పైకప్పులన్నీ కడగాలి, ట్యాంకు మూల పూర్తి చేయాలి. పేర్లు రాసే పుస్తకం హాలు వాచ్‌మన్ దగ్గర ఉంది. వచ్చేవారే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి