నంబరు నోటికి రాదు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఆరో తరగతి పిల్లాడికి మూడో పీరియడ్‌లో జ్వరం వచ్చింది. ఆఫీసులో కూర్చోబెట్టి, "అమ్మ నంబరు చెప్పు నాన్నా" అన్నాను. "నంబరు తెలీదు సార్. ఇంట్లో ఫోన్‌లో 'అమ్మ' అని ఉంటుంది, అది నొక్కుతాను" అన్నాడు. రిజిస్టరులో ఉన్న నంబరు చూస్తే పనిచేయడం లేదు, ఎప్పుడో మార్చేశారట. వాళ్లమ్మగారు వచ్చేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ వాడు బెంచీ మీద ముడుచుకుని పడుకున్నాడు.

వాడిని ఏమనడానికీ నాకు నోరు రాలేదు. చిన్నప్పటి పక్కింటి ల్యాండ్‌లైన్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను గానీ, మా అమ్మాయి నంబరు నాకూ రాదు.

1973 ఏప్రిల్ 3న మోటరోలా కంపెనీ ఇంజినీరు మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి మాట్లాడిన తొలి చేతి ఫోన్ కిలోకు పైనే బరువుండేది. ఆ మొదటి కాల్ ఆయన చేసింది పోటీ కంపెనీ ఇంజినీరుకి (ఉడికించడానికేనని నా అనుమానం). దాదాపు పదేళ్లకు మార్కెట్లోకి వచ్చిన మోడల్ కూడా పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాట్లాడనిచ్చేది. చెప్పాల్సింది చెప్పి పెట్టేయడం తప్ప వేరే దారి లేదు!

ఫోన్‌ను తిట్టడం నాకిష్టం లేదు. 2020లో బడులు మూతపడ్డప్పుడు మన పాఠాలు నడిచింది దానిమీదే. వినికిడి లేనివాళ్లు ఇప్పుడు వీడియో కాల్‌లో సైగలతో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకప్పుడు ఫోన్ వాళ్లకు అసలు పనికొచ్చే వస్తువే కాదు.

నా బాధ సాయంత్రం గేటు దగ్గర. ఒకప్పుడు అక్కడ పెద్దవాళ్ల మాటలతో గోలగోలగా ఉండేది. ఎవరి పిల్లలు ఏం చేస్తున్నారో సగం సంగతులు నాకు అక్కడే తెలిసేవి. మొన్న ఒకటో తరగతి పాప తను వేసిన బొమ్మను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నిలబడింది. వాళ్ల నాన్నగారు మెసేజ్ పూర్తిచేసి తలెత్తేసరికి బొమ్మ బ్యాగులోకి వెళ్లిపోయింది.

ఇంకొకటి. క్లాసు మధ్యలో "తిన్నావా?" అని పిల్లలకు మెసేజ్‌లు పెట్టకండి. దృష్టి ఒకసారి చెదిరితే మళ్లీ చదువు మీద కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని 2023 యునెస్కో నివేదిక చెప్పింది. మన పీరియడే 40 నిమిషాలు. అవసరమైతే ఆఫీసుకు ఫోన్ చేయండి, కబురు మేం అందిస్తాం.

ఈ నెలలో పిల్లలకు ఇంట్లోవాళ్లవి రెండు నంబర్లు కంఠతా పట్టించండి. మీ నంబరు మారి ఉంటే డైరీలో రాసి పంపండి. వచ్చే సోమవారం నుంచి అసెంబ్లీలో రోజూ నలుగురిని అడుగుతాను. నన్నూ అడగమని పిల్లలకు చెప్పాను. మా అమ్మాయి నంబరు రోజూ రాసుకుంటున్నాను, చివరి మూడంకెల దగ్గర ఇంకా తడబడుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు