వకీలు ఫీజు దండగా?

సంపాదకులకు,

ఈ మధ్య మీ ఆదివారం అనుబంధంలో సొంత ఇల్లు కొనేవారికి సలహాలంటూ ఒక వ్యాసం వేశారు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయకపోవడంతో నేనే రాస్తున్నాను. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకుని, దస్తావేజు లేఖరి దగ్గర కాగితాలు రాయించుకుంటే సరిపోతుందట, వకీలు ఖర్చు 'ఇష్టమైతే' పెట్టుకోవచ్చట. అదే పేజీలో ఇంటీరియర్ డిజైనర్ మాత్రం తప్పనిసరి అన్నారు. గోడ రంగుకు నిపుణుడు కావాలి గానీ, ఆ గోడ ఎవరిదో తేల్చడానికి అక్కర్లేదన్నమాట!

రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదైపోయినట్టేనని జనం నమ్మకం. సంతకం పెట్టినవాడు ఫలానావాడేనా, స్టాంపు సుంకం సరిపోయిందా, ఆస్తి 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టరు చేయకూడని ఆస్తుల పట్టికలో) ఉందా అన్నవే సబ్ రిజిస్ట్రార్ ముఖ్యంగా చూసేవి. అమ్మేవాడి హక్కు గట్టిదో కాదో తేల్చి చెప్పే బాధ్యత 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయన మీద పెట్టలేదు. సుంకాలు, ఫీజులు కలిపి నూటికి ఏడున్నర చొప్పున 50 లక్షల ఇంటికి 3,75,000 రూపాయలు కట్టించుకునే ప్రభుత్వం, రేపు ఎవరైనా దావా వేస్తే మాత్రం 'మేము కాగితమే రిజిస్టరు చేశాం' అంటుంది. హక్కుకు తానే పూచీ అంటూ 2023లో మన ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చారు, పెద్ద గొడవయ్యాక 2024లో రద్దు చేశారు. ఆ చట్టం మంచిదని నేననను. కానీ దానితో పాటే పూచీ మాట కూడా అటకెక్కింది.

ఇక ఈసీ. అందులో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. ఇంట్లో రాసి పెట్టుకున్న వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, రిజిస్టరు చేయని అగ్రిమెంటు అందులో ఉండవు. పోయిన యజమానికి వారసులెందరో అసలే ఉండదు. మా వీధిలో జరిగింది ఇదే. తండ్రి తన జీతంతో కట్టిన డాబాను, ఆయన పోయాక ముగ్గురు కొడుకులు కలిసి అమ్మారు. ఈసీ శుభ్రంగా ఉంది, ఇంటి పన్ను రసీదులున్నాయి, కరెంటు బిల్లు ఉంది. వారసులెవరో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మాత్రం ఎవరూ అడగలేదు. కొన్నవాళ్ల గృహప్రవేశం ఫొటోలు ఆల్బమ్ కాకముందే బళ్లారిలో ఉన్న అమ్మినవాళ్ల ఆడపడుచు తన వాటా కోసం పార్టిషన్ దావా వేసింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి హిందూ వారసత్వ చట్టం ప్రకారం 1956 నుంచే సమాన వాటా ఉంది. పిత్రార్జితంలోనైతే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది, కేంద్ర సవరణ చట్టం 2005లో వచ్చింది. పేరున్న వకీలే కానక్కర్లేదు, ఏ వకీలైనా ముందు అడిగేది 'ఆడపిల్లలున్నారా?' అనే. కొన్నవాళ్లు ఆ ఒక్క ప్రశ్నకు ఫీజు మిగుల్చుకుని, ఇప్పుడు వాయిదా వాయిదాకూ కడుతున్నారు.

లేఖరులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పాత దస్తావేజులో ఉన్నది పొల్లుపోకుండా దించడం వాళ్ల పని. అందుకే 'తూర్పు: పంచాయతీ డొంక' అన్న హద్దు ఊరు కార్పొరేషన్‌లో కలిసినా అలాగే వస్తుంది. ఆ డొంకలో సగం ఎప్పుడో ఎవరి అరుగు కిందికో పోయి ఉంటుంది.

బ్యాంకు లోను ఇచ్చిందంటే కాగితాలు సరైనవేనని కూడా రాశారు. నేను బ్యాంకులో రుణాల విభాగంలోనే పనిచేసి రిటైరయ్యాను. ప్యానెల్ అడ్వకేటు (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న వకీలు) కాగితాలు చూసి ఇచ్చే ఒపీనియన్ బ్యాంకు కోసం. ఫీజు కట్టేది మాత్రం కొనేవాడు. అది వచ్చేసరికి అడ్వాన్సు ఎలాగూ చేతులు మారి ఉంటుంది. దావా పడితే ఇల్లు ఆగుతుంది గానీ కిస్తీ ఆగదు. వకీళ్లందరూ సత్యసంధులని కూడా అనను. పాత ఒపీనియన్‌లో సర్వే నంబరు మార్చి, చివరి పేరాలో వెనకటి పార్టీ పేరు అలాగే వదిలేసిన ఘనులను చూశాను. కాబట్టి బ్రోకరు తెచ్చిన వకీలు, అమ్మేవాడి వకీలు కాకుండా మన వకీలు కావాలి, అదీ అడ్వాన్సు ఇవ్వకముందే. అమ్మేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. బాకీ సొమ్ము గడువులోగా రాకపోతే ఏమిటన్నది అగ్రిమెంటులో సరిగా లేక ఏళ్ల తరబడి చిక్కుకుపోయినవాళ్లున్నారు.

అమెరికాలో వకీలు లేకుండానే కొంటున్నారన్న ఉదాహరణ మరీ బాగుంది. టెక్సాస్‌లో మా అమ్మాయి వాళ్లు అలాగే కొన్నారు. అక్కడ టైటిల్ కంపెనీ పాత రికార్డులు వెతుకుతుంది, తేడా వస్తే నష్టం భరించే బీమా ఇస్తుంది. న్యూయార్క్‌లోనైతే ఇరుపక్షాలూ వకీళ్లను పెట్టుకోవడమే ఆనవాయితీ. మన రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 16వ సెక్షన్‌లోనూ టైటిల్ బీమా మాట 2016 నుంచీ ఉంది. కానీ అది ప్రాజెక్టులు వేసే ప్రమోటర్లకు, అదీ ప్రభుత్వం నోటిఫై చేస్తేనే. పక్కింటాయన అమ్మే పాత డాబాకు దానితో ఏం పని?

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల సంగతి ఎత్తకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. సర్వర్ పనిచేయదు, కూర్చోవడానికి బెంచీ ఉండదు. వేలిముద్ర పడని ముసలివాళ్లు మెట్ల మీద నిమ్మచెక్కతో బొటనవేలు రుద్దుకుంటూ ఉంటారు. గోడ మీద సుంకాల పట్టిక మాత్రం నిలువెత్తున ఉంటుంది. దాని పక్కనే 'ఈసీలో ఇవి కనబడవు' అని ఒక బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది?

చివరగా మీ పత్రికకూ ఒక మాట. మొదటి పేజీ నిండా 'క్లియర్ టైటిల్' వెంచర్ల ప్రకటనలు వేస్తారు. 'ఫలానా ఆస్తి కొనదలిచాం, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపండి' అని వకీళ్లు ఇచ్చే ప్రకటనలేమో లోపలి పేజీలో భూతద్దం పెట్టినా కనబడవు. బళ్లారి దాకా వెళ్లే పత్రికే కదా మీది. ఆ అక్షరాలు కాస్త పెద్దవి చేయడానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కాకినాడ