శనివారం చూపించబోయే సినిమా గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ శనివారం మధ్యాహ్నం 9వ తరగతి పిల్లలకు 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' చూపిస్తున్నాం. శేఖర్ కమ్ముల తీసింది కాదు, 1997లో ఇటలీలో వచ్చింది. "పరీక్షలు దగ్గరపడుతుంటే సినిమా ఏంటి సార్" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. అందుకే ఈ నెల ఉత్తరం దాని మీదే.

కథ 1939లో, అరెజ్జో అనే ఊళ్లో మొదలవుతుంది. గీడో యూదు కుర్రాడు. హోటల్లో సర్వర్ పని, నోరు తెరిస్తే నవ్వులే. డోరా అనే టీచర్‌ను ప్రేమించి, "యువరాణీ" అని పిలుస్తూ వెంటపడతాడు. సగం సినిమా వరకూ పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ తర్వాత వాళ్లకు పెళ్లై, ఒక కొడుకు పుడతాడు. ఆ తండ్రినీ కొడుకునీ యూదులని రైలెక్కించి హిట్లర్ మనుషులైన నాజీల క్యాంపుకు తోలేస్తారు. డోరా యూదు కాదు, అయినా తనంతట తానే ఆ రైలెక్కుతుంది.

క్యాంపులో జర్మన్ సైనికుడు వచ్చి, రూల్స్ చెప్తాను, జర్మన్ వచ్చినవాడు ఎవడు అంటాడు. ఒక్క ముక్క రాని గీడో చెయ్యెత్తుతాడు. వాడు అరుస్తుంటే ఈయన కొడుకు కోసం "అనువాదం" చేస్తాడు: ఇదొక ఆట, ముందు 1000 పాయింట్లు తెచ్చుకున్నవాడికి నిజం ట్యాంకు బహుమతి. ఏడిస్తే, అమ్మ కావాలంటే, ఆకలేసి చిరుతిండి అడిగితే పాయింట్లు పోతాయి. చుట్టూ ఉన్న ఖైదీలు నోరెళ్లబెట్టి చూస్తుంటారు. పిల్లాడు మాత్రం నమ్మేస్తాడు.

గీడోగా నటించి సినిమా తీసిన రాబర్టో బెనిని తండ్రి కూడా జర్మన్ల లేబర్ క్యాంపులో దాదాపు రెండేళ్లు గడిపినవాడే. పిల్లలు భయపడకూడదని ఆ సంగతులన్నీ నవ్విస్తూ చెప్పేవాడట. 1999లో మూడు ఆస్కార్లు వచ్చినా, అంత ఘోరం మీద జోకులా అని తిట్టినవాళ్లూ ఉన్నారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే ఇబ్బందిగా అనిపించింది. రెండోసారి చూస్తే అర్థమైంది, నవ్వులాట క్యాంపుది కాదు, ఆ తండ్రిది.

కానీ నేను ఈ సినిమా ఎంచుకున్నది వేరే సీను కోసం. పదవి ఏదైనా నేను లెక్కల మాస్టారినే కదా. ఒక విందులో డోరా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ జర్మనీలో మూడో తరగతి పిల్లలకు ఇచ్చిన లెక్క చెప్తుంది. పిచ్చివాడికి ప్రభుత్వం రోజుకు 4 మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) ఖర్చు పెడుతోంది, అవిటివాడికి నాలుగున్నర, మూర్ఛ రోగికి మూడున్నర. సగటున 4. అలాంటివాళ్లు 3,00,000 మంది. అందరినీ లేకుండా చేస్తే ఎంత మిగులుతుంది? ఆవిడ ఆశ్చర్యమల్లా, ఏడేళ్ల పిల్లలు ఇంత కష్టమైన లెక్క ఎలా చేస్తారనే! పక్కనున్నాయన, గుణకారమేగా, 12,00,000 మార్కులు అని జవాబు చెప్పేస్తాడు. జవాబు కరెక్టే. నేనైతే ఫుల్ మార్కులు వెయ్యాలి.

ఇది సినిమా కల్పన కాదు. ఇలాంటి లెక్కలు అప్పటి జర్మన్ పాఠ్యపుస్తకాల్లో నిజంగానే ఉన్నాయి. 1940, 41ల్లో వికలాంగులను, మానసిక రోగులను 70 వేల మందికి పైగా గ్యాసు పెట్టి చంపారు. ఎన్‌సీఈఆర్‌టీ 9వ తరగతి సోషల్ పుస్తకంలో లెక్కల క్లాసుల్లోనూ యూదుల మీద దురభిప్రాయాలు నూరిపోశారని ఒక్క వాక్యం ఉంది. మనం చదివించి దాటేస్తాం.

సినిమా అయ్యాక సోషల్ టీచర్ పావుగంట మాట్లాడతారు. అసలు క్యాంపుల్లో అంత చిన్న పిల్లల్ని చాలామందిని రైలు దిగగానే గ్యాస్ ఛాంబర్లకు పంపేవారనీ, దాచుకోవడం దాదాపు అసాధ్యమనీ చెప్తారు. చివర్లో అమెరికా ట్యాంకు వస్తుంది. అది చూసి, నాజీల క్యాంపుల్లోకెల్లా పెద్దదైన ఆష్విట్జ్‌ను విడిపించింది అమెరికా అని పరీక్షలో రాసేయగలరు మనవాళ్లు! 1945 జనవరి 27న అక్కడికి చేరింది సోవియట్ సైన్యం.

ముందే చెప్పాల్సినవి రెండు. పొగమంచులో శవాల గుట్ట ఒకటి కాసేపు కనిపిస్తుంది. తండ్రి చావు తెర మీద చూపించరు, తుపాకీ చప్పుడు వినిపిస్తుంది. ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పండి, ఆ రెండు గంటలూ లైబ్రరీలో కూర్చోబెడతాం, కారణం ఎవరూ అడగరు.

డైరీలో సంతకం గురువారంలోగా కావాలి. చూడాలనుకునే తల్లిదండ్రులు వెనక వరసలో కూర్చోవచ్చు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉంటాయి, అమ్మమ్మలు తాతయ్యలు వస్తే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకోండి. ఆ రోజు బస్సులు అరగంట ఆలస్యంగా బయల్దేరతాయి.

మీ
ప్రధానోపాధ్యాయుడు