ఆ బ్లూ హోస్‌ల సంగతి

మన షెడ్డులో కామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్) మార్పించుకుని, నీలం సిలికాన్ హోస్‌లు వేయించుకున్న ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) మారుతి ఎస్టీమ్‌లు, జిప్సీలు కొన్ని ఐడిల్ (యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలబడక వెనక్కి వస్తున్నాయి. "వాళ్ళ బండ్లు అంతేనట" అని విజయవాడ ఆటోనగర్‌లో అప్పుడే మాట పుట్టింది. అది మీ చెవిన పడేలోపు నేనే చెబుతున్నా.

కంప్లయింట్ అన్నిట్లో ఒకటే. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. ట్రాఫిక్‌లో తిరిగి వేడెక్కాక ఐడిల్ 1,500 ఆర్పీఎం దాకా ఎక్కుతుంది, ఠక్కున పడుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. రెండు బండ్లలో అయితే వెంటవెంటనే రెండోసారి తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంది.

కామ్ మీదకు తోసెయ్యడం తేలిక. ఓవర్‌ల్యాప్ (గాలి లోపలికొచ్చే వాల్వు, పొగ బయటికెళ్ళే వాల్వు రెండూ తెరిచుండే సమయం) ఎక్కువున్న కామ్‌తో ఐడిల్‌లో వ్యాక్యూమ్ (ఇంజిన్ గాలిని లాగే బలం) తగ్గుతుంది, నిజమే. స్టాక్ ఇంజిన్ వ్యాక్యూమ్ గేజ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) చూపించే చోట కామ్ మార్చింది తక్కువే చూపిస్తుంది. అందుకే డెలివరీ రోజున గేజ్ పెట్టి రీడింగ్ జాబ్ కార్డు మీద రాస్తాం. 14 రాసి పంపిన బండి ఇప్పుడు 10 చూపిస్తోంది. కామ్ అదే, ట్యూనింగ్ అదే. మరి ఆ నాలుగు అంగుళాలు ఎటు పోయినట్టు? (హైదరాబాద్ వాళ్ళకు ఒక మాట: మీ ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడి గేజ్‌లో దాదాపు రెండు అంగుళాలు తక్కువే వస్తుంది. దానికి టెన్షన్ పడకండి.)

లీకు పట్టుకోడానికి స్మోక్ మెషిన్ పెడితే పీసీవీ హోస్ (ఇంజిన్‌లోని ఆయిల్ ఆవిరిని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం) దగ్గర పొగ లేచింది. క్లిప్ బిగించే ఉంది, అయినా బొటనవేలితో నెడితే హోస్ నిపుల్ మీంచి జారి వచ్చేసింది. ఆయిల్ ఆవిరికి ఉబ్బి, లోపలంతా జిగట. మామూలు సిలికాన్ అంతే, ఆయిల్‌కీ పెట్రోలుకీ ఉబ్బుతుంది. అందుకే లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నదే కొంటాం, బిల్లులోనూ అదే రాసుంది. బ్లేడుతో అడ్డంగా కోసి చూశా. పాత లాట్ ముక్కలో లోపలి అంచున వేరే రంగు పొర స్పష్టంగా కనిపిస్తుంది. ఈ లాట్‌లో అది లేనే లేదు. బ్రేక్ బూస్టర్‌కి (వ్యాక్యూమ్‌తో పెడల్‌ని తేలిక చేసేది) వేసే హోస్‌లో మూడు వరసల గుడ్డ ఉండాల్సింది, ఒక్కటే ఉంది. వేడికి మెత్తబడి, వ్యాక్యూమ్‌కి అణిగిపోతోంది. బూస్టర్ మళ్ళీ నిండకముందే మీరు రెండోసారి తొక్కుతున్నారు.

ఐడిల్ ఊగడానికీ కారణం ఇదే. లీకులోంచి వచ్చే గాలిని మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో ఒత్తిడి కొలిచేది) మామూలు గాలిగానే లెక్కేస్తుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు పెంచుతుంది. థ్రాటిల్ మూసున్నా ఆర్పీఎం ఎక్కువైందని మళ్ళీ తనే పెట్రోలు ఆపుతుంది.

ఇక సప్లయర్. షెడ్డు తీసుకున్న కొత్తల్లో చేతిలో రూపాయి లేనప్పుడు అరువిచ్చిన మనిషి. ముక్కలు టేబుల్ మీద పెట్టా. చేత్తో తీసుకొని చూడనైనా లేదు. "సౌండ్ కోసం కామ్‌లు మార్చేవాళ్ళకి ఐడిల్ ఎక్కడ నిలబడుద్ది తమ్ముడూ" అన్నాడు, మా కుర్రాళ్ళ ముందే. లాట్ తేడా వచ్చిందని ఒక్క మాట అనుంటే నష్టం నేనే భరించేవాణ్ణి. పైగా ఇంకో లాట్ సగం రేటుకి ఇస్తానన్నాడు. ఆయన గ్యాస్కెట్లకు వంక పెట్టలేం, ఆ అరువు ఇంకెవరూ ఇవ్వరు. రాత్రిళ్ళు నిద్రపట్టలేదు. మొహమాటానికి పోతే బ్రేకులు పట్టవని మా ఆవిడ అంది. ఖాతా మూసేశా. ఆ చెత్త లాట్ డబ్బుతో సహా బాకీ మొత్తం కట్టేశా. తప్పుడు సరుకుకి డబ్బేంటని కుర్రాళ్ళు గొడవ. బాకీ ఎగ్గొట్టడానికి సాకు చెప్పాడని రేపు ఎవడూ అనకూడదు.

ఆ లాట్ వేసిన ప్రతి బండికీ రెండు హోస్‌లూ తీసేసి కంపెనీ రబ్బరు హోస్‌లు ఫ్రీగా వేస్తాం. అవి నల్లగానే ఉంటాయి. బానెట్ ఎత్తితే నీలంగా మెరవాలనుకునేవాళ్ళు వేరే షాపు చూసుకోవచ్చు. ఇవి పూర్తయ్యేదాకా కొత్త కామ్ పనులు తీసుకోను.

ఇంట్లోనే ఒకటి చూడండి. ఇంజిన్ ఆపి బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు నొక్కిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, రోడ్డు మీద రెండో తొక్కుకి గట్టిగా తగిలినా బండి తీయకండి, ఫోన్ చేస్తే మా కుర్రాడే వచ్చి మారుస్తాడు. ఈలోపు ఎవరైనా థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి ఐడిల్ సెట్ చేస్తామంటే ఒప్పుకోకండి. తిప్పిన బండి వస్తే ముందు దాన్ని పాత చోటికి తెచ్చాకే గేజ్ పెడతాం, ఆ పనికి మాత్రం చార్జీ ఉంటుంది.